రెండు వేల లైన్లలో లేనిది

మా మేనల్లుడి ల్యాప్‌టాప్ తెర పైఅంచున సన్నటి పట్టీ ఒకటి ఉంటుంది. ఎడమ చివర ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు, ఆ తర్వాత మనం వాడుతున్న విండో పేరు. ఐకాన్లు లేవు, మెనూ లేదు, విండో మూలన మూసే గుర్తు కూడా లేదు. వాడు ఇంజనీరింగ్ ఆఖరి ఏడాదిలో ఉన్నాడు. ఈమధ్యే లినక్స్‌లోని గ్నోమ్ డెస్క్‌టాప్‌ని పక్కన పెట్టి డీడబ్ల్యూఎం అనే బుల్లి విండో మేనేజర్ వేసుకున్నాడు. పూర్తిగా దానికే మారిపోవాలా వద్దా అన్నది తేల్చుకోలేక నా దగ్గరికి తెచ్చాడు.

బ్రౌజర్‌లో ఒక తెలుగు పేజీ తెరిచి చూపించాడు. పేజీలో అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. పైన పట్టీలో మాత్రం ‘ప్రశ్న’ అన్న మాట ‘ప్‌రశ్‌న’ అని ముక్కలై పడింది. క్రావడి లేదు, న వత్తు లేదు.

“ఫాంటు మార్చి చూశావా?”

“మూడు మార్చాను మామయ్యా. అన్నిట్లోనూ ఇంతే.”

తప్పు ఫాంటుది కాదు. కంప్యూటర్ దృష్టిలో ‘ప్ర’ అంటే ప, పొల్లు, ర అనే మూడు సంకేతాల వరస. ఆ మూడూ పక్కపక్కన కనిపించినప్పుడు వాటి బదులు ఫాంటులోంచి క్రావడి ఉన్న రూపాన్ని తీసి, సరైన చోట పెట్టాలి. దీన్ని షేపింగ్ అంటారు. లినక్స్‌లో ఈ పనికి హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ, దాని మీద ఆధారపడిన పాంగో అనే మరో లైబ్రరీ ఉన్నాయి. బ్రౌజర్ తన అక్షరాలకు తనే షేపింగ్ చేసుకుంటుంది. పట్టీలో పేరు గీసేది మాత్రం విండో మేనేజర్. డీడబ్ల్యూఎం అందుకు ఎక్స్‌ఎఫ్‌టీ అనే సాదా లైబ్రరీని వాడుతుంది. ఏ సంకేతానికి ఆ బొమ్మ గీసి ముందుకు పోవడమే దానికి తెలుసు. ఇంగ్లిషుకి అది సరిపోతుంది, తెలుగుకి చాలదు.

డీడబ్ల్యూఎంని 2006లో ఆన్సెల్మ్ గార్బే మొదలుపెట్టారు. సోర్స్ కోడ్ రెండు వేల లైన్లు దాటకూడదన్నది దాని నియమం. మా వాణ్ణి ఆకట్టుకున్నదీ అదే. “మొత్తం చదివేయొచ్చు మామయ్యా” అన్నాడు. నిజమే, శని ఆదివారాల్లో చదివేయొచ్చు. మనం రోజంతా వాడే కంప్యూటర్‌లో మొదటి లైను నుంచి చివరి లైను దాకా చదవగలిగే భాగం ఒకటైనా ఉండాలన్న ఆశ మంచి ఆశ. ఆ ఆశ మీద ఎన్నో చిన్న విండో మేనేజర్లు పుట్టాయి, పుడుతూనే ఉన్నాయి. కొత్తది కనబడ్డప్పుడల్లా నేను ముందు అడిగేది ఒక్కటే: ఇందులోంచి తీసేసిన పని ఎక్కడికి పోయింది? పని మాయమవదు. పక్క ప్రోగ్రామ్ మీద పడుతుంది, లేదా కింది లైబ్రరీ మీద పడుతుంది, లేదా కుర్చీలో కూర్చున్న మనిషి మీద పడుతుంది. అది ఎవరి మీద పడిందో, వాళ్లు దాన్ని మోయగలరో లేదో చూస్తే సగం తీర్పు అయిపోయినట్టే.

విండో మేనేజర్ అసలేం చేస్తుంది

మ్యాక్‌లోనూ మైక్రోసాఫ్ట్ విండోస్‌లోనూ విండోల అమరిక వ్యవస్థలో అంతర్భాగం. దాన్ని తీసి ఇంకోటి పెట్టాలన్న ఆలోచనే మామూలుగా ఎవరికీ రాదు. యూనిక్స్, లినక్స్ లోకంలో వచ్చిందంటే కారణం 1984లో అమెరికాలోని ఎంఐటీలో మొదలైన ఎక్స్ విండో సిస్టమ్. ఇప్పటికీ వాడుకలో ఉన్న దాని పదకొండో రూపం, ఎక్స్11, 1987లో వచ్చింది. తెర మీద గీయడం, కీబోర్డు మౌస్ వార్తలు అందించడం మాత్రమే అందులోని సర్వర్ అనే ప్రోగ్రామ్ పని. ఏ విండో ఎక్కడ ఉండాలి, ఎంత ఉండాలి అన్న విధానం తన పని కాదని దాన్ని కట్టినవాళ్లు నిర్ణయించుకున్నారు. ఆ బాధ్యతని మామూలు ప్రోగ్రామ్ ఒకదానికి వదిలేశారు. అదే విండో మేనేజర్.

కొత్త విండో తెర మీదికి రావాలనుకుంటే సర్వర్ వెంటనే చూపించదు, ఆ అభ్యర్థనని విండో మేనేజర్‌కి పంపుతుంది. అది స్థలం చూపించాకే విండో కనిపిస్తుంది. ఈ హక్కు ఒక సమయంలో ఒక్క ప్రోగ్రామ్‌కే దక్కుతుంది. రెండోది వచ్చి అడిగితే సర్వర్ ఎర్రర్ ఇచ్చి పంపేస్తుంది. ఇంత సరళమైన ఒప్పందం కాబట్టే టైనీడబ్ల్యూఎం అనే ప్రోగ్రామ్ సుమారు 50 లైన్ల సీ కోడ్‌తో విండోలను జరపడం, సైజు మార్చడం, పైకి తేవడం చేసి చూపించింది.

మరి 50 లైన్లతో అయ్యే పనికి మిగిలినవాళ్లు వేల లైన్లు ఎందుకు రాశారు? తెర మీదికి వచ్చే ప్రోగ్రామ్‌లన్నీ ఒకే మర్యాద పాటించవు కాబట్టి. విండో మేనేజర్లూ ప్రోగ్రామ్‌లూ పరస్పరం ఎలా మెలగాలో చెప్పే ఒప్పంద పత్రాలు రెండున్నాయి: 1980ల చివర్లో వచ్చిన ఐసీసీసీఎం, తర్వాత దానికి పొడిగింపుగా వచ్చిన ఈడబ్ల్యూఎంహెచ్. ‘నేను డైలాగ్ బాక్సుని, నన్ను మామూలు విండోలా సాగదీయకు’, ‘నాకు తెర మొత్తం కావాలి’, ‘నన్ను మూసే ముందు ఒక మాట అడుగు’ లాంటి విన్నపాలన్నీ వాటిలోనే ఉంటాయి. ఆ చివరిది ఒక్కటీ పాటించకపోతే, రాసుకుంటున్న ఉత్తరం సేవ్ చేయమంటారా అని అడగకుండానే ఎడిటర్ ప్రాణం పోతుంది. కొత్త విండో మేనేజర్ వేసిన రోజే నేను ఎడిటర్‌లో నాలుగు ముక్కలు రాసి, సేవ్ చేయకుండా దాని షార్ట్‌కట్‌తో మూసి చూస్తాను. డీడబ్ల్యూఎం ఈ మర్యాద పాటిస్తుంది. అంత చిన్న కోడ్‌లోనూ దీనికి చోటిచ్చారంటే రాసినవాళ్లు ఏది వదలాలో ఆలోచించే వదిలారని అర్థం.

అయినా పనులు జారిపోతుంటాయి. జావాతో వచ్చిన చిక్కు చాలామందికి అనుభవమే. ఎక్కువ విండో మేనేజర్లు ప్రతి విండో చుట్టూ తమ సొంత చట్రాన్ని బిగిస్తాయి. చట్రం బిగించనివి కొన్నే, డీడబ్ల్యూఎం వాటిలో ఒకటి. జావా విండో లైబ్రరీ రాసినవాళ్లు ఏ విండో మేనేజర్ ఏ బాపతో గుర్తించడానికి కొన్ని పేర్ల జాబితాని కోడ్‌లోనే రాసేశారు. జాబితాలో లేని పేరు కనబడితే చట్రం వస్తుందనుకుని జావా ఎదురుచూస్తుంది. చట్రం రాదు. విండో తెరుచుకుంటుంది కానీ లోపల అంతా బూడిదరంగు శూన్యం. డీడబ్ల్యూఎం వాడేవాళ్లు కనిపెట్టిన ఉపాయం ఏమిటంటే, తమ విండో మేనేజర్ పేరు ‘ఎల్‌జీ3డీ’ అని జావాకి చెప్పడం. అది సన్ మైక్రోసిస్టమ్స్ వాళ్ల లుకింగ్ గ్లాస్ అనే ప్రయోగాత్మక డెస్క్‌టాప్‌కి చెందిన పేరు. జావా జాబితాలో చట్రం బిగించని వర్గంలో ఉంది కాబట్టి పని జరిగిపోతుంది. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఒకటి పెట్టుకున్నా సరిపోతుంది. విద్యార్థులు వాడే ఆండ్రాయిడ్ స్టూడియో జావా మీదే నడుస్తుంది. ఈ సంగతి తెలిసినవాడికి ఇది ఒక్క నిమిషం పని, తెలియనివాడికి ఒక రాత్రి నిద్ర.

సెకన్ల లెక్క

మౌస్ ముట్టుకోకపోతే పని వేగంగా సాగుతుందన్నది ఇలాంటి విండో మేనేజర్ల గురించి తరచూ వినే మాట. దీన్ని కొలవడానికి పాత కొలబద్ద ఒకటుంది. 1980లో స్టూవర్ట్ కార్డ్, థామస్ మొరాన్, అలెన్ న్యూవెల్ కంప్యూటర్ ముందు మనిషి చేసే పనిని చిన్న చిన్న కదలికలుగా విడగొట్టి, ఒక్కోదానికి సగటు కాలం ఇచ్చారు. చేయి కీబోర్డు నుంచి మౌస్‌కి వెళ్లడానికి 0.4 సెకను. బాణాన్ని గురి చూసి చేర్చడానికి 1.1. టైపింగ్ బాగా వచ్చినవాళ్లకి ఒక కీ నొక్కడానికి 0.2. ఏం చేయాలో మనసులో అనుకోవడానికి 1.35.

వెనక దాగిన విండోని మౌస్‌తో ముందుకి తేవాలంటే: ఆలోచన 1.35, చేయి జరపడం 0.4, గురి 1.1, క్లిక్ 0.2, చేయి వెనక్కి 0.4. మొత్తం 3.45 సెకన్లు. రెండు కీల షార్ట్‌కట్‌తో: ఆలోచన 1.35, కీలు 0.4. మొత్తం 1.75. మిగిలింది 1.7 సెకన్లు. రోజుకి రెండు వందల సార్లు విండోలు మారుస్తామనుకుంటే ఆదా ఆరు నిమిషాల లోపే. కొత్తది నేర్చుకుని, కాన్ఫిగర్ చేసుకుని, చిక్కులు విప్పుకోవడానికి 30 గంటలు పోతాయనుకుందాం. ఆ అప్పు తీరేసరికి 318 రోజులు. పైగా ఈ లెక్క మౌస్‌తో పోల్చి వేసింది. గ్నోమ్‌లోనూ ఆల్ట్ ట్యాబ్ ఉంది, విండోని సగం తెరకి అతికించే కీ ఉంది. వాటితో పోలిస్తే ఆదా దాదాపు సున్నా.

అలాగని ఇందులో లాభం లేదనను. లాభం ఉంది, అది ఆ 1.35 సెకన్ల దగ్గర ఉంది. ఆల్ట్ ట్యాబ్ వరస మనం చివరగా ఏది వాడామన్న దాన్నిబట్టి మారుతూ ఉంటుంది. కాబట్టి ప్రతిసారీ కళ్లతో వెతకాలి. డీడబ్ల్యూఎంలో ఆల్ట్ రెండు అంటే బ్రౌజర్ అని పెట్టుకుంటే అది ఎప్పటికీ రెండే. నెల తిరిగేసరికి అది వేళ్లకి అలవాటైపోతుంది, చూడక్కర్లేదు, అనుకోనూ అక్కర్లేదు. చీకట్లో మన ఇంట్లో స్విచ్ మీదికి చేయి వెళ్లినట్టు వెళ్తుంది. కాబట్టి కొత్త విండో మేనేజర్‌ని చూసేటప్పుడు ఎన్ని కీలు మిగులుతాయన్నది నాకు పట్టదు. నేను పెట్టిన వస్తువు పెట్టిన చోటే ఉంటుందా అని చూస్తాను. కొత్త విండో తెరవగానే ఉన్నవాటన్నిటినీ చిందరవందర చేసే పద్ధతి ఎంత చిన్న కోడ్‌తో రాసినా నాకు వద్దు.

డీడబ్ల్యూఎంలో లాగా తెరని పలకలుగా పంచి, విండోలు ఒకదాని మీద ఒకటి పడకుండా పేర్చే టైలింగ్ పద్ధతి ఇప్పటిది కాదు. 1985లో వచ్చిన మైక్రోసాఫ్ట్ విండోస్ మొదటి వెర్షన్‌లోనూ అదే ఉండేది. ఒకదాని మీద ఒకటి పడే విండోలే మేలన్న అభిప్రాయం స్థిరపడుతున్న రోజుల్లో, 1986లో, సారా బ్లై, జారెట్ రోజెన్‌బర్గ్ ఆ నమ్మకానికి ఆధారం ఎంతుందో ప్రయోగం చేసి చూశారు. పలకల పద్ధతితోనే త్వరగా అయ్యే పనులూ, దానితోనే త్వరగా పనిచేసే మనుషులూ ఉన్నారని తేలింది. మనుషులు అన్నది ఇక్కడ ముఖ్యం. ఒకరికి కుదిరిన అమరిక ఇంకొకరికి కుదరకపోవడం లోపం కాదు. పక్కవాళ్ల మెప్పు చూసి మారడంలో అర్థం లేదని మాత్రం దీన్నిబట్టి తెలుస్తుంది.

తేలికదనం గురించి ఒక్క మాట. డీడబ్ల్యూఎం కొన్ని ఎంబీల మెమరీతో సరిపెట్టుకుంటుంది. దాని మీద తెరిచే బ్రౌజర్ వందల ఎంబీలు, ఒక్కోసారి జీబీలు తింటుంది. బాగా పాత యంత్రమైతే తప్ప మెమరీ కోసం విండో మేనేజర్ మార్చడం దండగ.

కేబుల్ గుచ్చినా వెలగని గోడ

నిండా ఎనిమిదేళ్ల కిందట ఒక కాలేజీలో మాట్లాడటానికి వెళ్లాను. హాలు నిండుగా ఉంది. ప్రొజెక్టర్ కేబుల్ గుచ్చాను, గోడ మీద ఏమీ రాలేదు. కేబుల్ మార్చారు, అయినా రాలేదు. చివరికి గుర్తొచ్చింది: ఎక్స్11లో కొత్త తెర తగిలిందని సర్వర్ వార్త పంపుతుందే గానీ దాన్ని వెలిగించదు. గ్నోమ్ లాంటి డెస్క్‌టాప్‌లో ఆ వార్త విని తెరని వెలిగించే భాగం వెనకాల నడుస్తూ ఉంటుంది. నా బుల్లి విండో మేనేజర్ పక్కన అలాంటిదేమీ లేదు. టెర్మినల్ తెరిచి కమాండ్ కొట్టాలి. పోర్టు పేరు తప్పు కొట్టాను. పావుగంట పోయింది. వినడానికి వచ్చినవాళ్ల పావుగంట అది.

తీసేసిన పనుల్లో ఎక్కువ ఇలాంటివే. రోజూ కనబడవు, కావలసిన క్షణంలో లేవని తెలుస్తుంది. మూత వేసి తెరిస్తే ల్యాప్‌టాప్ తాళం వేసి ఉంటుందని అనుకుంటాం. నిద్రపుచ్చడం వెనకాల నడిచే సిస్టమ్‌డీ అనే ప్రోగ్రామ్ చూసుకుంటుంది, తాళం వేయడం దాని పని కాదు. ఆ రెండిటినీ కలిపే ప్రోగ్రామ్ మనం పెట్టకపోతే బస్సులో మూత తెరిచిన ఎవరికైనా మన ఉత్తరాలు కనిపిస్తాయి. పాస్‌వర్డ్ అడిగే డైలాగ్ చూపించే ఏజెంట్ లేకపోతే కొన్ని పనులు ఏ వివరణా లేకుండా ఆగిపోతాయి. వైఫై, శబ్దం, వెలుతురు కీలు, పెన్‌డ్రైవ్, బ్యాటరీ అయిపోతోందన్న హెచ్చరిక... ఒక్కోదానికి ఒక్కో చిన్న ప్రోగ్రామ్ తెచ్చి కలుపుకోవాలి. కొత్త విండో మేనేజర్‌ని తీరిక వేళ చూసి మెచ్చుకోవడం తేలిక. రేపు మీటింగు, ప్రొజెక్టరు, పది శాతం బ్యాటరీ ఉన్న రోజున వాడి చూడాలి. అద్దె ఇల్లు ఎండాకాలం మధ్యాహ్నం చూడమని పెద్దవాళ్లు చెప్పేది ఇందుకే.

అది కూలిపోతే ఏమవుతుందన్నది ఇంకో పరీక్ష. ఎక్స్11లో విండో మేనేజర్ మామూలు ప్రోగ్రామే కాబట్టి అది చచ్చినా సర్వర్ బతికే ఉంటుంది, విండోలూ ఉంటాయి. ఇంకో విండో మేనేజర్‌ని నడిపితే మళ్లీ అన్నీ చేతికొస్తాయి. అయితే చాలామంది సెషన్‌ని విండో మేనేజర్‌తోనే ముడిపెట్టి ఉంచుతారు, అప్పుడు అది పోతే అన్నీ పోతాయి. పేజీ పేరులో రంగుల ఎమోజీ ఒకటి వచ్చినందుకు, ఎక్స్‌ఎఫ్‌టీలోని లోపం వల్ల డీడబ్ల్యూఎం కూలిపోయిన రోజులున్నాయి. విండో మేనేజర్ పోతే మళ్లీ నడిపే నాలుగు లైన్ల స్క్రిప్టు రాసుకున్నవాళ్లు ఒక్క క్షణం తెర మినుకుమనడం చూసి పని కొనసాగించారు. రాసుకోనివాళ్లు రాసింది పోగొట్టుకున్నారు.

ఎక్స్11 స్థానంలోకి వస్తున్న వేలాండ్‌లో ఈ వెసులుబాటు లేదు. క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ 2008లో మొదలుపెట్టిన ఈ పద్ధతిలో సర్వరూ విండో మేనేజరూ ఒకే ప్రోగ్రామ్. దాన్ని కంపోజిటర్ అంటారు. అది కూలితే దాన్ని అంటిపెట్టుకున్న ప్రోగ్రామ్‌లలో చాలావరకు దానితోపాటే పోతాయి. కాబట్టి అక్కడ కొత్తదాన్ని నమ్మే ముందు మరింత నిదానించాలి. ఎక్స్11 గుణంలోనే లేని భద్రత అక్కడ ఉందన్నదీ నిజమే. ఎక్స్11లో తెరకి తాళం వేసే ప్రోగ్రామ్ చచ్చిపోతే తెర తెరుచుకుంటుంది. వేలాండ్‌లో తాళానికని ప్రత్యేకంగా రాసిన ప్రోటోకాల్ ప్రకారం, ఆ ప్రోగ్రామ్ చచ్చినా కంపోజిటర్ తెరని మూసే ఉంచాలి.

ఫెడోరా లినక్స్ 2016లోనే గ్నోమ్‌కి వేలాండ్‌ని డిఫాల్ట్ చేసింది. ఎక్స్11కి కొత్త పని పెద్దగా జరగడం లేదు. ఇవాళ కొత్తగా మారేవాళ్లు వేలాండ్ వైపే చూడటం మంచిదని నా అభిప్రాయం. కానీ అక్కడ ‘చిన్నది’ అన్న మాటకి అర్థం మారుతుంది. డీడబ్ల్యూఎం దారిలో నడిచే డీడబ్ల్యూఎల్ కోడ్ చిన్నదే, అది నిలబడ్డ డబ్ల్యూఎల్‌రూట్స్ లైబ్రరీ మాత్రం దాని కర్తల లెక్కలోనే దాదాపు 60,000 లైన్లు. ఆ లైబ్రరీ వెర్షన్ మారినప్పుడు పైన ఉన్నవాళ్లు తమ కోడ్ సరిచేసుకోవాలి. ఒక్క మనిషి తీరిక వేళల్లో రాసే కంపోజిటర్ అయితే ఆ మనిషికి వచ్చే ఏడాది తీరిక ఉంటుందా అన్నది కూడా మన ప్రశ్నే అవుతుంది. నేను అందుకే కొత్త ప్రాజెక్టు మొదటి పేజీ కంటే దాని మార్పుల చరిత్ర ఎక్కువసేపు చదువుతాను. నడిపేది ఒకరా, పదిమందా? లైబ్రరీ మారిన నెలలో సరిచేశారా, ఏడాదికి సరిచేశారా?

మనవాళ్లకి ప్రత్యేకంగా ఉండే పరీక్ష ఇంకొకటుంది. కీబోర్డుని తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌కి మార్చి షార్ట్‌కట్లు నొక్కి చూడాలి. ఇన్‌స్క్రిప్ట్‌లో జె కీ మీద ‘ర’ ఉంటుంది. విండో మేనేజర్ షార్ట్‌కట్‌ని ‘జె అనే అక్షరం’ అని గుర్తుపెట్టుకుంటే తెలుగులో టైప్ చేస్తున్నంతసేపూ అది పనిచేయకపోవచ్చు. ‘ఆ స్థానంలో ఉన్న కీ’ అని గుర్తుపెట్టుకుంటే ఏ భాషలో ఉన్నా పనిచేస్తుంది. స్వే అనే కంపోజిటర్‌లో షార్ట్‌కట్ రాసేటప్పుడు దీనికోసమే ‘టు-కోడ్’ అని ఒక ముక్క చేర్చే వీలుంది. స్వే, దానికి నమూనా అయిన ఐత్రీ అనే విండో మేనేజర్ రెండూ పాంగో వాడగలవు, అందువల్ల వాటి పట్టీల్లో తెలుగు సరిగ్గానే పడుతుంది. రెండూ డీడబ్ల్యూఎం కంటే ఎన్నో రెట్లు పెద్దవి. ఆ అదనపు లైన్లలో కొన్ని మన వత్తులవి.

ఇదంతా విని మా వాడు, “అయితే వద్దంటావా?” అన్నాడు.

వాళ్లక్క కూడా అదే మోడల్ ల్యాప్‌టాప్ మీద పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం రాసుకుంటోంది. తను అడిగితే వద్దనే చెప్తాను. తన పని వేరు, ఈ బరువు తన మీద పడకూడదు. వీడికి అలా చెప్పబుద్ధి కాలేదు. ఎందుకంటే మేం మాట్లాడుకుంటుండగానే వాడు పట్టీ గీసే ఫైలు తెరిచాడు. పేరుని ఒక్కో సంకేతంగా విడగొట్టి, ఏ ఫాంటులో దానికి బొమ్మ ఉందో వెతికి, ఎక్స్‌ఎఫ్‌టీకి అప్పజెప్పే ఫంక్షన్ మొత్తం తెర మీద కనబడుతోంది. ‘ప్రశ్న’ ఎక్కడ విరిగిందో ఆ లైను మీద వేలు పెట్టి చూపించాడు. గ్నోమ్‌లో అలాంటి లైను వెతకాలంటే నాకే వారం పట్టేది.

రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. పాంగోతో గీయిస్తే క్రావడి వచ్చిందట, న వత్తు కూడా వచ్చిందట. పట్టీ ఎత్తు మాత్రం ఇంగ్లిషు అక్షరాలకి లెక్కవేసినదే కావడంతో వత్తు కింది సగం తెగిపోతోంది. ఎత్తు లెక్కించే చోటు దొరికిందని, తర్వాత మాట్లాడతానని పెట్టేశాడు.